లైట్ తీస్కో బాపూ

నా ఇంగ్లీషు కవిత్వం విని ఒకసారి అశోక్‌నగర్ బస్టాపంతా కంటతడి పెట్టింది.

నేనూ మా ఆవిడా అంబర్‌పేట బస్సు కోసం నిలబడ్డాం. పక్కనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, విప్పని టిఫిన్ డబ్బాతో. ఆయన కూతురు ఎదురుగల్లీ లేడీస్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగానికి పరీక్ష రాసింది. తప్పింది. కన్నతండ్రినైనా మగవాణ్ణి అక్కడ గేటు దాటనివ్వరు. పిల్ల కిందికి రాలేదు, ఫోనెత్తలేదు. ఒక్క మెసేజ్ పంపింది: "లైట్ తీస్కో బాపూ."

"నవ్వుకుంట రాసిందా సార్, ఏడ్సుకుంట రాసిందా?" అని ఫోను నా ముందు పెట్టాడు.

రిటైరైన ఇంగ్లీషు మాస్టారిని, ఊరుకుంటానా? గొంతు సవరించుకుని, "ఓ జెంటిల్ సైర్, లెట్ నాట్ దిస్ పాసింగ్ క్లౌడ్ డార్కెన్ దై నోబుల్ బ్రౌ!" అన్నాను. దిగులు పడొద్దంటోందని తెలుగులోనూ చెప్పాను. ఆయన కళ్లు నిండాయి. ఇంతలో బస్సొస్తే ఎక్కేశాం.

బస్టాపంతా అన్నది కోతే. అక్కడున్నది మేం ముగ్గురమే, ఏడ్చింది ఆయనొక్కడే. కానీ నా ఇంగ్లీషుకే ఏడ్చాడని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న మళ్లీ మొదలుపెడితే మా ఆవిడ అందుకుంది.

"మీ ఇంగ్లీషు ఎవలికి గావాలె? 'అక్కా, నువ్వు ఆడమనిషివి, నిన్ను పైకి పోనిస్తరు, జర నా బిడ్డ మొకం సూసొస్తవా' అని ఆయన నన్ను అడుగుతుండె. నేను సరే అనేలోపు బస్సొచ్చిందని మీరు చెయ్యి పట్టి గుంజిన్రు."