నీటిగుర్రానికి కాళ్లొచ్చిన రోజు

మా పిన్ని కుడిచెయ్యి ఊరంతటికీ తెలుసు. ముఖం మాత్రం పక్కింటివాళ్లకి కూడా సరిగ్గా గుర్తుండదు. పిల్లల టీవీ ధారావాహికలో కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి, తనకొచ్చిన కలలు చెప్పే ఆకుపచ్చ నీటిగుర్రం బొమ్మ ఉంది చూశారూ, తొమ్మిదేళ్లుగా దాని లోపల ఉన్నది ఆ చెయ్యే. గొంతూ ఆమెదే. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఇంకా చదివితే పంతుళ్లు చిన్నబుచ్చుకుంటారని. అయినా నా మాట రాసి పెట్టుకోండి: ఆ నీటిగుర్రం ఆవలిస్తే మూడు వీధుల పిల్లలు నిద్రపోయేవారు. ఒకసారి మా గోడగడియారం కూడా కునుకు తీసింది.

ఆ ధారావాహికను ఇంటిల్లిపాదీ చూసే సినిమాగా తీస్తామన్నారు. వారం రోజులు పిన్ని కాళ్లు నేల మీద ఆనలేదు. ఎనిమిదో రోజు ఆనాయి. సినిమాలో నీటిగుర్రం కిటికీ దిగి వీధిలో నడవాలట! దాని మెడ కింద ఏముందో ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు. ఉంటే కదా? ఒక దిండు, దాని మీద వెల్లకిలా పడుకున్న పిన్ని, అంతే.

స్టూడియోలో కొత్త బొమ్మ మంచమంత ఉంది. ముందు కాళ్లలో ఒకరు, వెనక కాళ్లలో ఒకరు దూరాలి. ముందు పిన్ని. వెనక్కి ఒక నాట్యగాడు వచ్చాడు; నీటిగుర్రం కొంగలా నడిచింది. తర్వాత ఒక పహిల్వాన్ వచ్చాడు; పిన్నిని గోడకు గుద్దాడు.

దర్శకురాలు మంచిదే గానీ మొహమాటం లేని మనిషి. "అమ్మా, సాయంత్రం దాకా చూస్తా. నడక కుదరకపోతే బొమ్మని సర్కస్ వాళ్లకిచ్చేస్తా. నడిచేవాళ్లే మాట్లాడాలి కదా, అప్పుడు గొంతూ వాళ్లదే," అంది.

పిన్ని ఫోన్ చేసి బాబాయిని పిలిపించింది. ఆయన బస్సు కండక్టరు. కదలని నేల మీద కూడా ఊగుతూనే నిలబడతాడు.

"ఏంటే, ఇన్నేళ్లు కాపురం చేసింది దీని తోకలో దూరడానికా?"

"దూరండి. మీ ముఖం కనపడదు, జనానికి అదో మేలు."

పిన్ని వెంట వచ్చిన నేనూ బొమ్మ బట్ట ఎత్తి తల దూర్చాను. లోపల మధ్యాహ్నపు ఎండ బట్టలోంచి ఆకుపచ్చగా దిగి, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. వాళ్ల మాటలు బుడగల్లా పైకి తేలుతున్నాయి.

"ఎడమ కాలు."

"ఎవరి ఎడమ?"

"నాది. అంటే మీదీ."

నీటిగుర్రం కదిలింది. పది అడుగులు వేసి ఆగింది. ఒళ్లు ఓసారి ఊపి మళ్లీ కదిలింది. మరో పది అడుగులకు మళ్లీ ఆగింది.

"ఎందుకండీ ఆగుతారు?"

"ఏమోనే, ఎవరో ఎక్కుతారేమోనని. కాళ్లకలవాటు."

పిన్ని తిట్టబోయి ఊరుకుంది. ఆగినప్పుడల్లా బొమ్మ తలను మెల్లగా పక్కకు వాల్చింది. అంతే, దారిలో ఏదో పాత కల గుర్తొచ్చి నిలబడిపోయినట్టుంది ఆ జంతువు. అరుస్తున్న లైట్ల మనుషులు కూడా గొంతు తగ్గించారు.

స్టూడియో తలుపు తీసి ఉంది. నీటిగుర్రం వీధిలోకి వెళ్లింది. నమ్మితే నమ్మండి, దీపస్తంభాలు రెల్లుగడ్డిలా ఒరిగి దారిచ్చాయి.

దర్శకురాలు వెనకాల పరుగెత్తింది. "చాలమ్మా, కుదిరింది! బొమ్మ ఇక మీదే, ఆగండి!"

నీటిగుర్రం నోరు తెరిచి, పిన్ని గొంతుతో అంది. "ఉండమ్మా, ఇప్పుడేగా కాళ్లొచ్చింది."

అని, తాపీగా మలుపు తిరిగింది.