జాడ లేని జెడ్ డ్రైవు

కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేస్తే నా గ్రేడ్ పడిపోతుందని ముందు తెలీదు. షువైఖ్‌లో మా కార్ల స్పేర్ పార్టుల గోదాములో ఉన్నది ఒకే కంప్యూటర్, దాని ముందు కూర్చునేది నేనొక్కణ్ణే. కొత్త సిస్టమ్ ఉచితమంటూ అది రోజూ బతిమాలుతుంటే ఓ సాయంత్రం జాలిపడి సరేనన్నాను. దేశం ఏదంటే కువైట్ అని, ఇంకా అడిగినవాటికల్లా బుద్ధిగా జవాబులిచ్చి రూముకెళ్లాను.

పొద్దున వచ్చేసరికి జెడ్ డ్రైవు పేరుంది, జాడ లేదు. పక్కన ఎర్రటి ఇంటూ గుర్తు. ఆ డ్రైవు నిజానికి అల్ రాయ్‌లోని మా షోరూములో, పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. కంపెనీ కాగితాలన్నీ అందులో దాచి రెండు చోట్ల నుంచీ వాడుకునేవాళ్లం.

మా వ్యాను డ్రైవరు ఇఖామాకి, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతికి, సరిగ్గా అదే ఆఖరి రోజు. జగిత్యాల వైపు మనిషి. రెన్యువల్ కాకపోతే మర్నాటి నుంచి బండి తాళం ముట్టుకోకూడదు. దారిలో పోలీసు ఆపితే తిన్నగా విమానమే. రెన్యువల్‌కి కఫీల్, అంటే మా వీసాలకి పూచీ ఉన్న కువైటీ యజమాని, ఇచ్చే ఉత్తరం కావాలి. ఆయన సంతకం చేసి విదేశం వెళ్లిపోయాడు. ఉత్తరాన్ని స్కాన్ చేసి జెడ్‌లో దాచాను. అసలు కాగితాన్ని అంతకంటే భద్రంగా దాచాను. ఎంత భద్రంగానంటే, నాకే దొరకడం లేదు. ప్రింటు తీసి కంపెనీ స్టాంపు వేస్తే చాలన్నాడు మందూబ్, అంటే ప్రభుత్వాఫీసుల్లో మా పనులు చూసే ఈజిప్టు పెద్దాయన. పదకొండింటికి బయల్దేరాలి.

అల్ రాయ్‌కి ఫోన్ చేశాను. పెద్ద కంప్యూటర్ గది తాళంచెవి కఫీల్‌తోపాటు విమానమెక్కిందట.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. వైరు పీకి, ఊది, మళ్లీ పెట్టాను. ఈసారి జెడ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడిగింది. బతికాం అనుకున్నాను, అది పెట్టింది నేనే. కొట్టిన ప్రతి అక్షరానికీ ఓ నల్ల చుక్క పడింది. చివరికి తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే.

"యా బాష్‌ముహందిస్!" అన్నాడు మందూబ్ గడియారం చూపిస్తూ. పెద్ద ఇంజినీరూ అని. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం ఒకసారి లాగినందుకు దక్కిన బిరుదు. "యల్లా! ఆఫీస్ బంద్ హో జాయేగా."

డ్రైవరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. "అన్నా, నీకు అసలు యాదికున్నదా?"

"నేను పెట్టింది నాకు గుర్తుండదా?"

"కాయితం గూడ నువ్వే పెట్టినవ్ గదనే."

మూడోసారి కొట్టాను. తప్పు.

అతను నా భుజం మీంచి వంగి తెరవైపు చూశాడు. "అన్నా, గా కింది మూలకు గదేంది? ఐన్ గాదు?"

అవును, ఐన్. అరబ్బీ అక్షరం. "నువ్వు అరబ్బీ ఎప్పుడు నేర్చావయ్యా?"

"నేర్సుడేంది? ప్రతి గల్లీ బోర్డు మీద షారె అని ఉంటది గద, ఆఖర్ల గదే. రోజు సూస్తనే ఉన్న."

దేశం కువైట్ అని నేనే చెప్పాను కదా, పాపం ఆ కంప్యూటర్ మర్యాదగా అరబ్బీ కీబోర్డు పెట్టుకుంది. నేను ఇంగ్లీషు అక్షరాలు చూసి నొక్కుతుంటే, చుక్కల చాటున పడుతున్నవి అరబ్బీవి. రెండు మీటలు కలిపి నొక్కితే ఐన్ పోయి ఇంగ్లీషు వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను. జెడ్ తెరుచుకుంది.

ఉత్తరం ప్రింటరులోంచి వేడివేడిగా వచ్చింది. మందూబ్ దాని మీద స్టాంపు గుద్ది, డ్రైవరుని రెక్క పట్టుకుని వ్యానెక్కించాడు.

రెండు దాటాక ఫోనొచ్చింది. "ఖలాస్," అన్నాడు డ్రైవరు. ఆ ఒక్క మాటతో పని అయిందనీ చెప్పొచ్చు, మన పని అయిపోయిందనీ చెప్పొచ్చు.

"ఏం ఖలాసయ్యా?"

"అయిపోయిందన్నా, రెండేండ్లు ఏసిండ్రు! రేపు పొద్దుగాల అల్ రాయ్ ట్రిప్పు నాదే గద?"

"నీదే," అని, పొద్దుట్నుంచీ మూత తీయని టిఫిన్ డబ్బా అప్పుడు తెరిచాను. పులిహోర అంత రుచిగా ఎప్పుడూ లేదు.

అసలు ఉత్తరం మాత్రం ఇప్పటికీ భద్రంగానే ఉంది.