కార్డులో కొట్టేసిన మాట

మొన్న ఢిల్లీ వెళ్ళే రైల్లో ఎదురు సీటు పెద్దాయన ఒక మాత్రను గోటితో సగానికి విరిచాడు. టక్కుమని చిన్న చప్పుడు. సగం వేసుకుని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరే అలా వేసుకోమని చెప్పి ఉంటాడు. అయినా నా చేతిలోని పుస్తకం ఆ తర్వాత ఒక పేజీ కూడా ముందుకు సాగలేదు. సుభానీ గారు పోయి అప్పటికి నెల రోజులు.

ఆయన టీబీ విభాగంలో సూపర్‌వైజరు. సొంత ఊరు బందరు, పని దివిసీమ అంతా. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక నేను అవనిగడ్డలో ఆయన కింద ఉద్యోగంలో చేరాను. పని నేర్పుతానని ఆయన ఎప్పుడూ అనలేదు. నేను బస్సు దిగేసరికి తన మోపెడ్ మీద ముందే వచ్చి ఉండేవారు, అంతే.

నాగాయలంక అవతలి పల్లెలో నాంచారయ్య అని, సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. ఐదు నెలలు మందులు వాడాక కూడా అతని కళ్ళెలో క్రిమి కనిపించింది. మామూలు మందులకు లొంగని జబ్బును మా ఆఫీసులో 'మొండి టీబీ' అనేవాళ్ళం. ఆ మాట మెల్లగా జబ్బు మీద నుంచి మనుషుల మీదికి పాకింది. నేను అతని చికిత్స కార్డులో 'మందులు సరిగా వాడలేదు, మొండి మనిషి' అని రాశాను. ఏ మందు ఇంకా పనిచేస్తుందో తేల్చే పరీక్ష అప్పట్లో మాకు హైదరాబాదులోనే. అది కొద్దిమందికే దొరికేది. మాట విననివాళ్ళ పేర్లు జాబితా అడుక్కి పోయేవి. అది తెలిసే రాశాను.

సుభానీ గారు కార్డు చదివారు.

"ఇంటికెళ్ళావా అమ్మా?"

"లేదండీ. ఎప్పుడూ వేటలోనే ఉంటాడు, దొరకడు."

"దొరకనివాడు మొండివాడని నీకెవరు చెప్పారు?"

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. నాంచారయ్య ఇంటి దగ్గరే ఉన్నాడు. అతని భార్య నాగమణి ఎండు చేపలు ఏరుతూ మధ్య మధ్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. సుభానీ గారు అతన్ని ఏమీ అడగలేదు. "ఆ దగ్గు ఎన్నాళ్ళ నించమ్మా?" అని ఆమెను అడిగారు. ఆమె మొగుడి వైపు చూసింది.

"నా మందులే దానికీ సగం ఇస్తన్నానండీ," అన్నాడు నాంచారయ్య. మామూలుగా అంగన్‌వాడీ టీచరు ఎదుటే మింగాలి; వేటకెళ్ళే రోజులకని ఆమె ఇంటికి ఇచ్చి పంపిన మందులవి. "పెళ్ళాం పక్కనే దగ్గుతుంటే నేనొక్కణ్ణే ఎట్టా మింగేదండీ?"

"వద్దంటే వింటేగా!" అంది నాగమణి.

"పడ్డ చేపలు పంచుకుంటాం. మాత్రలు పంచుకుంటే తప్పా?"

సుభానీ గారు గట్టిగా నవ్వేశారు. "చేపలు పంచుకోవయ్యా, ఎవరొద్దన్నారు? సగం మందు తగిలితే ఆ క్రిమి చావదు. మందుకు తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఇద్దరికీ దగ్గే మిగులుద్ది. పరీక్ష చేయిస్తే ఆవిడ మందులు ఆవిడకి వస్తాయి, నీవి నువ్వే వేసుకో."

ఆఫీసుకొచ్చాక ఆయన నన్ను తిట్టలేదు. కార్డు నా ముందు పెట్టారు. "నువ్వే కొట్టెయ్. పక్కన సంతకమూ నువ్వే పెట్టు. మొండితనం క్రిమిది, అతనిది కాదు." నేను ఆ మాట కొట్టేసి, 'భార్యకూ దగ్గు ఉంది, మందులు ఇద్దరూ పంచుకున్నారు' అని రాశాను. ఆ వారమే అతని కళ్ళె హైదరాబాదు వెళ్ళింది.

ఈలోగా చేయించిన రక్త పరీక్షల్లో నాంచారయ్యకు హెచ్‌ఐవీ ఉందని తేలింది, నాగమణికి లేదు. బందరు ఆసుపత్రిలో ఆ విభాగం వేరు, రోజు వేరు. టీబీ డాక్టరు రోగులను చూసేది మంగళవారం, హెచ్‌ఐవీ డాక్టరు చూసేది శుక్రవారం. ఒక గదిలో ఇచ్చే మందు ఇంకో గదిలో ఇచ్చే మందు బలాన్ని తగ్గించగలదు. అయినా ఎవరేమిచ్చారో రెండో వారికి తెలిసే దారి లేదు.

"నీ సంగతి ఇద్దరు డాక్టర్లకీ చెప్పమంటావా, వద్దంటావా?" అని సుభానీ గారు నాంచారయ్యను అడిగారు.

"మీరు పక్కనుంటే నేనే చెబుతానండీ."

ముగ్గురం బస్సులో బందరు వెళ్ళాం. డాక్టర్లలో ఒకాయన, "ఇద్దరం కలిసి చూడమని పైనుంచి ఆర్డరు లేదండీ," అన్నారు.

"ఆర్డరు వచ్చేదాకా టీ తాగుదాం రండి సార్. రెండో డాక్టరుగారు కూడా వస్తారు," అన్నారు సుభానీ గారు.

ఆ టీ బల్ల దగ్గరే డాక్టర్లిద్దరూ అతని మందులు మార్చారు. ఆ తర్వాత అలాంటి రోగులను ఇద్దరూ మంగళవారమే చూడడం మొదలుపెట్టారు. ఆర్డరు చాలా కాలానికి వచ్చింది.

హైదరాబాదు ఫలితం కోసం నెలలు ఎదురు చూశాం. ముఖ్యమైన మందులన్నీ ఇంకా పనిచేస్తాయని వచ్చింది. సుభానీ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు. "అతను వేటలో ఉన్నాడు. వెళ్ళి నాగమణికి చెప్పు. తప్పు రాసినదానివి, మంచి కబురూ నువ్వే మోసుకెళ్ళు."

మొన్నామధ్య బందరులో సుభానీ గారి ఖననానికి నాంచారయ్య వచ్చాడు. జుట్టు నెరిసింది. ఒళ్ళు చేశాడు.

ఇప్పుడు నా పని ఎక్కువగా సమావేశాల్లో. టీబీ, హెచ్‌ఐవీ, మందులకు లొంగని జబ్బులు, వీటన్నిటికీ అనేక దేశాలు కలిసి ఒకే మార్గదర్శకాలు రాసుకునే పని అది. ఒక మనిషి గురించి ఒక మాట రాసే ముందు నా చెయ్యి ఆగుతుంది. సుభానీ గారి నుంచి నాకు మిగిలింది అదే. ఢిల్లీ సమావేశంలో పెట్టిన ముసాయిదా ఫారంలో 'మందులు పనిచేయకపోవడానికి కారణం' అని ఒక గడి ఉంది. దాని పైన 'ఇంటికి వెళ్ళిన తేదీ' అని ఇంకో గడి కావాలన్నాను.

"వెళ్ళకపోతే?" అని ఒకరు అడిగారు.

"కింద కారణం గడి ఖాళీగా వదిలెయ్యాలి," అన్నాను.

చాలాసేపు చర్చ జరిగింది. చివరికి ఒప్పుకున్నారు.