మా హాల్లో చేదబావి

అత్తమ్మ వాకిట్లో జారిపడి కుడి భుజం ఎముక చిట్లినప్పుడు మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. కట్టు విప్పాక నొప్పి తగ్గింది కానీ చెయ్యి లేవలేదు. ఛాతీ దాటి పైకి వచ్చేది కాదు. అంతకుముందు పాపను చంక దించని మనిషి. ఇప్పుడు పాప కింద కూర్చుని, ఎత్తుకోమని రెండు చేతులూ చాస్తే, ముఖం తిప్పుకుని "మీ అమ్మ దగ్గరికి పో" అనేది. పాప నా దగ్గరికి వచ్చేది కాదు. అక్కడే కూర్చుని ఏడ్చేది.

డాక్టర్ సూటిగానే చెప్పాడు. రోజూ కదిలిస్తే చెయ్యి వస్తుంది, భయపడి దాచుకుంటే భుజం అట్లాగే బిగుసుకుపోతుంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి తలుపు మీద చిన్న గిరక బిగించి, తాడు వేసి, మంచి చేత్తో లాగితే బాగాలేని చెయ్యి ఎలా పైకి లేస్తుందో చూపించి వెళ్లింది. అత్తమ్మ కాసేపు లాగి వదిలేసింది.

"గిదేం గుంజుడే? గింత గుంజితే చెంబెడు నీళ్లన్న రావాలె."

నేను సిద్దిపేటలో ఇంటి నుంచే హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తాను. పెద్దవయసు వాళ్ల కోసం మేము ఒక వ్యాయామపు ఆట తయారుచేస్తున్నాం. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని చేతుల్లో రెండు రిమోట్‌లు పట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపిస్తుంది. అక్కడ ఏదో పని చేస్తున్నామనుకుంటూ ఒళ్లు కదిలిస్తారు. బొమ్మలు వేరేవాళ్లు గీస్తారు. ఏం వినిపించాలి, ఏ కథ నడవాలి అన్నది నా పని. అప్పటిదాకా మా ఆటలో ఉన్నవి సముద్రపు ఒడ్డు, గాలిలో తేలే బుడగలు. అత్తమ్మ మాట విన్న రోజే మావాళ్లకు ఫోన్ చేశాను. బుడగలు వద్దు, చేదబావి పెడదాం అన్నాను.

దానికి ముందు గిరక చప్పుడు కావాలి. నెట్‌లో దొరికినవి వింటే ఓడ మీద తాళ్లు లాగుతున్నట్టున్నాయి. చిన్నకోడూరు దగ్గర మా అమ్మగారింటి పెరట్లో బావి ఇంకా ఉంది. మోటారు పెట్టాక ఎవరూ చేదడం లేదు కానీ గిరక మాత్రం తీయలేదు.

చిన్నప్పుడు నాకు ఆ చప్పుడుతోనే తెల్లవారేది. అమ్మ చేదితే ఆగి ఆగి కీచుమనేది. బాపు చేదితే ఆగకుండా ఒకే కూతతో బొక్కెన పైకొచ్చేది. కళ్లు తెరవకుండానే బావి దగ్గర ఎవరున్నారో చెప్పేదాన్ని. బొక్కెన బావి ఒరకు తగిలినప్పటి టంగుమన్న మోత, బిందె నిండుతున్నకొద్దీ సన్నబడే నీళ్ల గొంతు, బిందె చంకకు ఎత్తుకునేటప్పుడు మోచేతి వైపు జారే గాజులు. ఇవన్నీ ఇన్నేళ్లూ నాలో ఎక్కడ దాక్కున్నాయో తెలియదు. మైకు సంచిలో పెట్టుకుని బస్సెక్కేసరికి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కిటికీ పక్కన కూర్చుని వాటినే విన్నాను.

గిరక చప్పుడు రికార్డు చేసుకోవడానికి వస్తున్నానని బాపుకు ముందే చెప్పాను. నేను వెళ్లేసరికి కొత్త చేంతాడు కట్టి, బొక్కెన తోమి ఉంచాడు. మైకు ఆన్ చేసి చేదమన్నాను. బొక్కెన నిండుగా పైకొచ్చింది. చప్పుడు మాత్రం రాలేదు.

"బాపూ, కీచుమంటలేదేంది?"

"ఎందుకంటది? నువ్వొస్తున్నవని పొద్దుగాలనే గ్రీజు పెట్టిన. రికార్డుల గలీజు చప్పుడొస్తే నలుగురు నవ్వరా?"

"నాకు గా గలీజు చప్పుడే కావాలె బాపూ!"

"గా ముక్క ఫోన్లనే చెప్తే అయిపోవు గద బిడ్డా. సగం చెప్పి పెట్టేస్తివి."

అమ్మ నవ్వీ నవ్వీ గచ్చు మీద కూలబడింది. బాపు గిరక కిందికి దించి, కిరోసిన్‌తో కడిగి, బూడిద రుద్ది, మధ్యాహ్నం దాకా దానితోనే కుస్తీ పట్టాడు. ఈలోపు పాప తిన్నదా, పడుకున్నదా అని నేను మా ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. చివరికి గిరక గొంతు విప్పింది. అమ్మ చేదుతుంటే కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఆగి ఆగి, అదే తీరు. ఆ మంచి రికార్డింగ్ మధ్యలో మా ఆయన నుంచి ఫోన్ వచ్చింది, పాప తిన్నదని చెప్పడానికి. అమ్మ మళ్లీ చేదాల్సి వచ్చింది.

ఆటలో బావి తయారైంది. చేదేవాళ్లకు ఒంటరిగా అనిపించకూడదని అవతలి వైపు ఒక ఆడమనిషిని నిలబెట్టించాను. ఆమె చంకలో ఖాళీ బిందె ఉంటుంది. ఏమీ మాట్లాడదు, గాజులు మాత్రం గలగలమంటాయి. వెనకాల నేను శ్రద్ధగా రాసి చదివిన కథ వినిపిస్తుంది. పల్లె, తెల్లవారుజాము, మంచు, పిట్టలు.

హాల్లో కుర్చీలన్నీ పక్కకు జరిపి అత్తమ్మకు హెడ్‌సెట్ పెట్టాను. గిరక చప్పుడు వినగానే ఆమె చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. బొక్కెన సగం పైకొచ్చింది. అంతలో తాడు వదిలేసి పక్కకు జరిగింది. ఇంకాస్త జరిగింది. ఆటకు మేం గీసిన హద్దు దాటేసరికి ఆమె కళ్ల ముందు అంతా బూడిద రంగైపోయింది.

"ఏమాయెనే? బావి ఎటు పోయె?"

"నువ్వెందుకు జరిగినవ్ అత్తమ్మా?"

"గామె నిలబడ్డది గద. ఖాళీ బిందె పట్టుకొని మనిషి నిలబడితే, నా మటుకు నేను చేదుకుంట ఉంటనా?"

"ఆమె ఉత్త బొమ్మ అత్తమ్మా."

"బొమ్మయితే మాత్రం, బిందె ఖాళీదే గద!"

మళ్లీ పెట్టినా అంతే. వంతు ఇచ్చేసి నిలబడుతుంది. హైదరాబాద్‌లో మావాళ్లు ఆ మనిషిని తీసేద్దామన్నారు. సరేనన్నాను కానీ మనసొప్పలేదు. మా అమ్మా అంతే చేసేది. నీళ్లకు ఎవరొచ్చినా ముందు వాళ్ల బిందెలో పోసేది. వాళ్లు వద్దు వద్దంటూనే బిందె ముందుకు జరిపేవాళ్లు. ముచ్చట అయ్యేదాకా చేది పోస్తూనే ఉండేది. అలసిపోయినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

అందుకే బొమ్మకు మాటలు పెట్టాను. "వదినా, నడుం పట్టింది. జర నా బిందె నింపరాదు?" ఆ గొంతు నాదే, మాట తీరు మాత్రం మా బావి దగ్గర విన్నవాళ్లది. పల్లె, మంచు, పిట్టల కథంతా తీసేశాను. దాని బదులు "ఆఁ", "అట్లనా", "ఇగ చెప్పు" అని నాలుగు రకాలుగా పలికి, చేదేవాళ్లు ఆగినచోటల్లా వినిపించేలా పెట్టాను. నా గొంతును అత్తమ్మ పోల్చుకుంటుందేమోనని భయపడ్డాను. వెంటనే పోల్చుకుంది. పోల్చుకుని, ఏమీ ఎరగనట్టే మొదలుపెట్టింది.

"పెట్టు వదినా బిందె. నా కోడలి సంగతి ఎరికేనా?"

"అట్లనా?" అన్నది బొమ్మ.

"అట్లనే. పిల్ల తుమ్మితే దవాఖాన అంటది. పండుకున్న పిల్ల ముక్కుకాడ వేలు పెట్టి చూస్తది."

"ఇగ చెప్పు."

"సదువుకున్నది, మంచిదే. కని దానికి భయమెక్కువ."

నేను పక్కనే నిలబడి వింటున్నాను. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చూస్తుంటే ఆమె కుడి చెయ్యి ఛాతీ దాటి, గడ్డం దాటి, చెవి దాకా లేచింది. ఆమె గమనించలేదు.

ఆ తర్వాత రోజూ అదే పని. నొప్పి పుట్టిన రోజు "ఇయ్యాల గామెనే చేదుమను" అనేది. అందుకని బొమ్మ చేదుతుంటే ఆడేవాళ్లు కూర్చుని చూసే వీలు కూడా పెట్టాం. చెయ్యి పూర్తిగా రాలేదు. నెత్తి మీదికి ఇప్పటికీ కష్టమే. కానీ ఒకరోజు ఆట అయ్యాక దివాన్ మీద కూర్చుని, తప్పటడుగులు వేస్తూ వచ్చిన పాప చంకల కింద రెండు చేతులూ వేసి, నన్ను పిలవకుండానే పైకి లేపింది. నేను వంటింట్లోంచి పరుగెత్తి పాప కింద నా చేతులు పట్టాను.

"చేతులు తియ్యే."

"ఉండనీ అత్తమ్మా."

"దాని బరువు నాకు తెల్వాలె గద. తియ్యి."

ఒక చెయ్యి తీశాను.