బార్దుర్ వరుస వదిలిన రోజు

మా తమ్ముడు బార్దుర్‌కి గొర్రెల మీదున్న ధ్యాస మనుషుల మీద ఉండదని ఊరంతా అనేది. నేనూ అన్నాను, వాడి మొహం మీదే. ఫారో దీవుల్లో ఓ మూల దీవి మాది. చేపల ఓడెక్కితే వాడు నెలల తరబడి కనిపించడు, ఒడ్డుకొచ్చాడా, కొండ మీదే. ఇంట్లో కూర్చుని కాఫీ తాగిన పాపాన పోడు.

మైబ్రిత్‌తో ఏడేళ్లు కాపురం చేశాడు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. మా వైపు అదేం వింత కాదు, పిల్లలు పుట్టాక తీరిగ్గా చేసుకునేవాళ్లే ఎక్కువ. వీడికి ఆ తీరిక రాలేదు. విడిపోయాక గానీ మా మట్టిబుర్రలకి తెలియలేదు, పెళ్లి కాని తండ్రికి తల్లి ఒప్పుకుని సంతకం పెడితే తప్ప పిల్ల మీద ఏ హక్కూ లేదని. వాడి కూతురు సోల్యా ఎక్కడుండాలో, ఏ బడికెళ్లాలో అంతా మైబ్రిత్ మాటే. ఇప్పుడామె పట్నంలో ఉంటూ, పిల్లతో సహా డెన్మార్క్ వెళ్లిపోయే ఆలోచన చేస్తోంది. వెళ్తే ఆపడానికి వీడెవరు?

ఆమెని రాక్షసి అనడానికి నాకు నోరు రాదు. పోయిన శరదృతువులో పిల్లకి ఒళ్లు కాలిపోయే జ్వరం. వీడు కొండ మీద గొర్రెలు తోలే వరుసలో ఉన్నాడు. ఫోన్ చేస్తే "మంద దిగాక వస్తా" అన్నాడు. దిగేసరికి ఆమె పిల్లని ఎత్తుకుని పడవెక్కేసింది. మళ్లీ ఈ ఇంటి గడప తొక్కలేదు.

ఎంతో బతిమాలితే పిల్లని వారం రోజులకి మా దగ్గరికి పంపి, ఒక్క షరతు పెట్టింది. "శనివారం ఆఖరి పడవలో పిల్లని నువ్వే పట్నం తీసుకురా. చెప్పిన వేళకి వచ్చావా, సోమవారం ఉమ్మడి హక్కుకి సంతకం పెడతా. రాలేదా, ఇక నీ కబుర్లు నాకొద్దు." నేను తెస్తానంటే, "నువ్వు తెస్తే అది నీ మాట నిలబెట్టుకోవడం వదినా, ఆయనది కాదు" అంది.

గురువారం తోలాల్సిన మంద పొగమంచు వల్ల శనివారానికి వాయిదా పడింది. మందపెద్ద సామల్ చెప్పాక తిరుగులేదు, ఇంటికో మనిషి కొండెక్కాల్సిందే. అందరూ కొండకి అడ్డంగా వరుస కట్టి గొర్రెల్ని రాతి దొడ్డిలోకి తోలాలి. ఒక్కరు జరిగినా ఆ సందులోంచి మందంతా వెనక్కి పోతుంది. నాకు మోకాలు లేవదు. వీడే వెళ్లాడు, మధ్యాహ్నానికల్లా దిగుతానని.

మధ్యాహ్నం దాటింది. మంచు మళ్లీ కిందికి దిగుతోంది. సోల్యా కోటు వేసుకుని, సంచీ వీపున తగిలించుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. పుల్లటి రేవుచిన్ని కాడల జాము రాసి రొట్టె పెడితే ముట్టలేదు.

నేను ఫోన్ చేశాను. "ఎక్కడ చచ్చావురా?"

"అక్కా, మంద ఇంకా వాగు దాటలేదు. నేను కదిలితే మొత్తం నా పక్కనుంచే పోతాయి."

"పోతే పోనీరా! పడవ వచ్చే వేళైంది."

"సామల్ బాబాయ్ నన్ను బతకనిస్తాడా?"

"సామల్ బాబాయ్ పెంచుతాడా నీ కూతుర్ని?"

ఫోన్ తెగిపోయింది.

"అత్తా, నాన్న రాకపోతే అమ్మ తిడుతుందా?"

"మీ నాన్ననే. నిన్ను కాదులే."

"నాన్నని తిడితే నాకు కడుపులో నొప్పొస్తుంది."

దాని చెయ్యి పట్టుకుని రేవుకి నడిచాను. పడవ అప్పటికే కొండకొమ్ము తిరిగి వస్తోంది. ముందువైపు నిలబడ్డ మనిషిని పోల్చుకున్నాను. మైబ్రిత్. పట్నం రేవులో ఎదురుచూడలేక తనే వచ్చేసింది. నాకు నమస్కారం లేదు, పలకరింపు లేదు. చుట్టూ చూసి, "ఏడీ?" అంది.

నోరు తెరిచేలోగా కొండ మీద కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. తలెత్తితే మంద మొత్తం తిరగబడి పైకి పారుతోంది. వరుస మధ్యలో పెద్ద సందు. ఆ సందుకి కింద, పడుతూ లేస్తూ, బార్దుర్ పరిగెత్తుకొస్తున్నాడు. వెనక సామల్ బూతులు రేవుదాకా వినిపిస్తున్నాయి.

వాడు మోకాళ్లదాకా బురదతో వచ్చి నిలబడ్డాడు.

"మంద ఏదీ?" అంది మైబ్రిత్. తనూ ఆ వరుసలో నడిచిన మనిషే, ఆ సందు అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"పోయింది."

"నువ్వే వదిలేశావా?"

"ఊఁ."

ఆమె కొండవైపు చూసింది. "పోయినేడు ఇలా దిగొచ్చుంటే..." అని ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని సోల్యా వీపు మీది సంచీ తను తీసుకుంది. "సోమవారం సంతకం పెడతా. ఇక పైకెళ్లు, వాళ్లకి సాయం చెయ్యి. ఊళ్లో తలెత్తుకోవాలిగా."

వాడు కూతుర్ని ఎత్తుకుని, ముద్దుపెట్టి, పడవలోకి అందించాడు. కొండెక్కలేదు. పడవ కొమ్ము తిరిగేదాకా రేవులోనే చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. పైన చెదిరిన మందలో నా గొర్రెలూ ఉన్నాయి. అయినా వాణ్ని కదలమనలేదు.