దారి తెలియని పోస్ట్‌మాన్

మా బావకి దారులు గుర్తుండవు. మామూలు మనిషైతే మతిమరుపని సరిపెట్టుకోవచ్చు. మా బావ పోస్ట్‌మాన్. పద్దెనిమిదేళ్ళుగా అదే పేట, అవే సందులు. ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ మెట్టు ఊగుతుందో ఆయనకి కంఠతా. అయినా పొద్దున్నే కూతుర్ని బడికి తీసుకెళ్తూ వీధి చివర ఆగి, ఉత్తరాల సంచీ సర్దుకుని, "తల్లీ, ఇప్పుడు కుడికా, ఎడమకా?" అంటాడు.

నాకు ఒళ్ళు మండేది. "బావా, నీ బుర్ర మోకాల్లో ఉందా?" అంటే, "మోకాల్లో ఉంటే మంచిదేరా, దారైనా తెలిసేది" అనేవాడు.

ఆ కూతురికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో అందరం బొంగరం అంటాం. "ఏడీహెచ్‌డీ. మొండితనం కాదు. మనసు పది వైపులకి లాగుతుంటే ఒకచోట కూర్చోవడం కష్టం" అన్నారు డాక్టరమ్మ. బడంటే దానికి ముళ్ళ మీద కూర్చోవడమే. ఒక బూటు తొడిగేలోపు రెండోది మంచం కిందకి పోయేది. దాన్ని తేవడానికి వెళ్ళిన పిల్ల కూడా అక్కడే ఉండిపోయేది. మా అక్క బతిమాలి, బెదిరించి, చివరికి తనే ఏడ్చేది. "ఇంకొక్క రోజు మానినా పరీక్ష రాయనివ్వం. మళ్ళీ ఇదే క్లాసు" అని హెడ్మిస్ట్రెస్ తేల్చేశారు.

అలాంటి పిల్ల బావని మాత్రం సంచీ పట్టుకుని బడిదాకా లాక్కెళ్ళేది. ఓసారి ఆయన తిన్నగా మంగలి షాపులోకి దారితీస్తే వెనక్కి తెచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "మా నాన్నకి పోస్టాఫీసు ఎటో చెప్పండి" అని అప్పగించి లోపలికి పోయింది. బావ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడట.

మొన్న బావకి జ్వరం. "నేను దింపుతాగా, అదేమంత బ్రహ్మవిద్యా?" అని పిల్ల చెయ్యి పట్టుకుని చకచకా బయల్దేరాను. వీధి చివర అది ఓ షాపు మెట్టు మీద చతికిలబడింది.

"నీకు దారి తెలుసుగా మావయ్యా. ఇంక నేనెందుకు?"

బెల్లుకి పది నిమిషాలుంది. గడ్డం పట్టుకున్నాను, కళ్ళెర్రజేశాను. కదల్లేదు. బావకి ఫోన్ చేశాను.

"దారి తెలుసన్నట్టు నడిచావా?"

"నడిచాను బావా."

"కొంప ముంచావు. వెంటనే తప్పిపో."

ఎదురుగా ఉన్న గుడ్డి సందులోకి నడిచి, గోడకి ముఖం పెట్టి నిలబడ్డాను. కాసేపటికి వెనక నిట్టూర్పు వినిపించింది. బొంగరం నా చొక్కా పట్టుకుని లాగింది. బెల్లు కొడుతుండగా గేటు దాటాం.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో" అన్నాను.

"మావయ్యా, నీకు నాన్నంత బాగా రాదు."

"ఏంటి?"

"తప్పిపోవడం. నాన్నకి దారి తెలుసు, పోస్ట్‌మాన్ కదా. నన్ను బడికి పంపాలని రోజూ అంత కష్టపడుతున్నాడు, పోన్లే పాపమని తీసుకెళ్తున్నా. నాన్నకి చెప్పకు."

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే ముద్దొచ్చారు. అదేమో పుస్తకాల సంచీ నా భుజానే వదిలేసి పరుగెత్తింది. నేను వెనకాల పరుగెత్తాను.

ఇంటికి రాగానే దుప్పట్లోంచి బావ తల బయటపెట్టాడు.

"చేరిందా?"

"చేరింది."

"దానికేం అనుమానం రాలేదు కదా?"

"అబ్బే" అన్నాను.

"రేపు చెరువు వైపు తప్పిపోతా, కొత్తగా ఉంటుంది" అని బావ మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.