అక్కయమ్మ దొడ్డిలో ఉన్ని దొంగ

దిబ్బూరహళ్ళిలో అక్కయమ్మ కంబళ్ళు తెలియనివాళ్ళు తక్కువ. నల్లగొర్రెలను తనే సాకి, ఉన్ని కత్తిరించి, ఏకి, రాట్నం మీద నూలు తీస్తుంది. ఆ నూలుతో భర్త చెన్నరాయప్ప మగ్గం మీద కంబళి నేస్తాడు.

పోయిన ఎండాకాలం ఊరి బీడులో గడ్డి మాడిపోయింది. గొర్రెలను దొడ్డిలోనే ఉంచి ఎండు చొప్ప వేయాల్సి వచ్చింది. కొన్నాళ్ళకు ఒక గొర్రె నడుం మీద అరచేతంత మేర బోడిగా కనిపించింది. తర్వాత ఇంకోదానికి తొడ దగ్గర. కింద వెతికితే ఉన్నిపోచ కూడా లేదు.

"ఎవురో పీక్కొని పోతాండారు," అంది మొగుడితో.

"పిడికెడు ఉన్నికి ఎవురొస్తారు?" అని అతను కొట్టిపారేశాడు.

అక్కయమ్మ కళ్ళు పక్కింటి మీదికి పోయాయి. అక్కడుండేది మరిది భార్య నేత్ర. ఈ మధ్యే ఉన్నితో బొమ్మలు, సంచులు చేసి ఫోన్లో అమ్ముతోంది. దొడ్డికీ ఆ ఇంటికీ మధ్య ఒక తడికే అడ్డం.

అక్కయమ్మ ఆ తడికకు ముళ్ళకంప కట్టింది. నేత్ర పలకరిస్తే ముఖం తిప్పుకుంది. ఒకరోజు చింతపండు అడిగే నెపంతో వాళ్ళింట్లోకి వెళ్ళింది. గోడవారగా బుట్టనిండా నల్లటి ఉన్ని. గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఇది యాడిదే?"

"మంచేనహళ్ళి నుంచి మా అన్న పంపించినాడక్కా. ఎందుకట్ల వాసన చూస్తాండావు?"

"ఊరికే."

నమ్మలేదు. నల్లగొర్రెల ఉన్ని ఎవరిదైనా ఒకలాగే ఉంటుందన్న ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు.

మరుసటి మధ్యాహ్నం చొప్పకట్టల వెనక కాపు కాసింది. తడిక కదల్లేదు. కదిలింది ముసలి గొర్రె. పక్కదాని వీపు మీద మూతి పెట్టి, ఉన్ని పటుక్కున పీకి, నింపాదిగా నమలసాగింది.

"మేతలో సత్తువ లేక ఇట్ల తింటాయమ్మా," అన్నాడు పశువుల డాక్టరు. "అవి నాకేదానికి ఉప్పుగడ్డ కట్టు. పచ్చిమేత కొంచెమన్నా వెయ్యి."

ఆ సాయంత్రం అక్కయమ్మ ముళ్ళకంప విప్పుతుంటే నేత్ర వచ్చి నిలబడింది.

"దొంగ దొరికినాడా అక్కా?"

అక్కయమ్మ చేతిలోని కంప కింద పెట్టింది. "గొర్రెలే తింటాండాయి. తప్పయిందే నేత్రా."

నేత్ర నవ్వలేదు. "అడిగింటే బుట్టంతా నీ ముందర కుమ్మరించేదాన్ని," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేత్ర బొమ్మలకు నూలు అక్కయమ్మే తీస్తుంది. నేత్ర ఉన్నిని తూకం వేసి ఇస్తుంది. నూలునూ తూకం వేసే తీసుకుంటుంది. తక్కెడ ముల్లు నిలిచేదాకా ఇద్దరూ మాట్లాడరు.